వేటగాళ్ల పచ్చరంగు

డెబ్బైలలో మస్కట్ దగ్గర మవాలేలో ఒక దర్జీ కొట్టులో మిషను తొక్కేవాణ్ణి. దక్షిణాన కొండల్లో యుద్ధం జరుగుతున్న రోజులు. సుల్తాను సైన్యంలో పనిచేసే ఇంగ్లీషు దొర ఒకాయన, తన దేశపు రెజిమెంటు కోటు భుజాలు వదులు చేయించుకోవడానికి తెచ్చాడు. నలుపనిపించేంత ముదురు ఆకుపచ్చ. గుండీలూ నల్లవే. ఇంత ఖరీదైన కోటుకు ఇత్తడి గుండీలు దొరకలేదా అన్నాను. నా నోరు ఊరుకోదు.

ఆయన నవ్వి, తనకొచ్చిన హిందీలో చెప్పాడు. వెనకటి సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని, వరసగా నిలబడి, అందరూ ఒక్కసారే పేల్చేవాళ్లట. గురిచూసి దూరం కొట్టే రైఫిళ్లు వచ్చాక, చెట్ల చాటున పొంచి ఉండేవాళ్లు కావలసి వచ్చారు. జర్మన్ దేశాల్లో వేటగాళ్లనీ అడవి కాపలావాళ్లనీ ఆ పనికి తీసుకున్నారు. వాళ్లు వేసుకునేది ఆకుపచ్చ. ఆ రంగే రైఫిల్ రెజిమెంట్లకు స్థిరపడింది. గుండీ మెరిస్తే ప్రాణం పోతుంది, అందుకే నలుపు.

ఆ మాట నా బుర్రలో తిష్ట వేసింది. ఆ వారమే మా తమ్ముడు రోడ్డు పనికి సలాలా పోతున్నాడు, ఆ కొండల దగ్గరికే. కత్తిరింపులో మిగిలిన గుడ్డ దర్జీదే, అది మా రివాజు. కొట్టుకొచ్చే పటాలం బట్టల్లో మిగిలిన ముక్కలు అతికి వాడికో ఆకుపచ్చ చొక్కా కుట్టాను. ఎంత బాగా కుదిరిందో!

కోటు కోసం వచ్చిన దొర దాన్ని చూసి ఎవరికని అడిగాడు. చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

“ఇది వేసుకుంటే, కొండ మీద తుపాకి పట్టుకున్నవాడికి మీ తమ్ముడు సిపాయిలా కనిపిస్తాడు మాస్టర్. దాక్కోవలసింది మేము. కూలివాడు కూలివాడని దూరానికే తెలియాలి.”

ఆ కుట్లన్నీ విప్పేసి, తెల్ల పాప్లిన్‌తో ఇంకొకటి కుట్టాను.

“తారు పనిల తెల్లంగి ఏందే అన్నా? అందరు నవ్వుతరు” అన్నాడు తమ్ముడు.

“నవ్వనియ్‌రా. మాసినా గదే తొడుగు” అని కసిరాను.

ఏడాది తర్వాత వాడు క్షేమంగానే తిరిగొచ్చాడు. కానీ సీబ్ విమానాశ్రయంలో సాగనంపిన పొద్దున ఆ సంగతి నాకేం తెలుసు? కంచె ఇవతల నిలబడి చూస్తున్నాను. కూలీలు గుంపుగా విమానం వైపు నడుస్తున్నారు. అంత దూరం నుంచీ మా వాణ్ణి ఇట్టే గుర్తుపట్టాను. గుర్తుపట్టినందుకే ఏడుపొచ్చింది. నాకింత తేలిగ్గా కనబడుతున్నాడంటే, ఎవడికైనా కనబడతాడు.