నూనె మారిన మూడు నెలలు

ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్లుగా కఫం పరీక్షలు చేస్తున్న ఆమెను అందరూ కళ్లద్దాలక్క అనేవారు. ఆమె లేదంటే క్షయ లేనట్టే. డాక్టర్లు కూడా మారుమాట అనేవారు కాదు.

క్షయ క్రిములు కనబడాలంటే స్లైడు మీద ఒక ప్రత్యేకమైన నూనె చుక్క వేసి, లెన్సు అందులో మునిగేలా దించాలి. మధ్యలో గాలి ఉంటే వెలుతురు చెదిరిపోతుంది. ఆ నూనె గాజులాగే వెలుతురును నేరుగా పంపిస్తుంది. ఒక వేసవిలో అది నిండుకుంది. స్టోరు నుంచి నీళ్లలాంటి పల్చటి నూనె వచ్చింది.

"ఇదేం నూనె సార్? అంతా మసకగా ఉంది."

"ఏదైనా నూనే కదమ్మా," అన్నాడు స్టోరు గుమాస్తా. "అసలుది వచ్చేదాకా సర్దుకో. బయట క్యూ చూశావా?"

సర్దుకుంది.

ఆ రోజుల్లోనే అక్క తోటికోడలికి దగ్గు పట్టుకుంది. రెండుసార్లు కఫం తెచ్చిచ్చింది. రెండుసార్లూ అక్కే చూసింది. నీలి మసక తప్ప, క్రిమి ఉంటే కనబడే ఎర్రటి గీత ఒక్కటీ కనబడలేదు.

"ఏం లేదే పిచ్చిదానా. దుమ్ము పడక దగ్గు."

"నువ్వు చూశాక ఇంక భయమేంటక్కా," అని నవ్వి వెళ్లిపోయింది తోటికోడలు.

మూడో నెలలో నెత్తురు కక్కుకుంది. ఆ వారమే అసలు నూనె వచ్చింది. అక్క పెట్టెలోంచి ఆ పాత స్లైడ్లు తీసి, తుడిచి, కొత్త చుక్క వేసింది. ఎర్రటి పుల్లలు, గుంపులు గుంపులుగా. లెక్కపెట్టబోయి మానేసింది.

మందులు మొదలుపెట్టినా పందొమ్మిదో రోజున తోటికోడలు పోయింది. మరిది అక్కను గుమ్మంలోనే ఆపేశాడు.

"లోపలికి రావద్దు వదినా. నువ్వేగా ఏం లేదన్నావు."

ఆ మూడు నెలల స్లైడ్లన్నీ మళ్లీ చూస్తానని ఆమె పెద్దడాక్టరును అడిగింది.

"తేనెతుట్టె కదపకమ్మా. అందరి మెడకీ చుట్టుకుంటుంది."

"నా మెడకే చుట్టుకోనివ్వండి సార్. సంతకాలు నావి."

ఆరువందల చిల్లర స్లైడ్లలో, తోటికోడలివి కాక, ఇంకో పద్నాలుగు మందికి క్షయ ఉన్నట్టు బయటపడింది. చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మూడిళ్లలో అప్పటికే గోడకు దండ వేసిన ఫొటోలున్నాయి. ఒక ముసలాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మెల్లగా అడిగాడు.

"లేదని రాసిందెవరమ్మా?"

"నేనే."

ఆయన ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనుకుంది.

మిగిలిన పదకొండు మందీ మందులు మొదలుపెట్టారు. తర్వాత ఆసుపత్రి జరిపిన విచారణ కాగితాల్లో నూనె మాట ఒక్క ముక్క లేదు. ఆమె సంతకాలు మాత్రం వరసగా ఉన్నాయి. ఆమెను పాత ఫైళ్ల గదికి మార్చారు. మరిది ఇప్పటికీ మాట్లాడడు.