పక్క సీటు బరువు

ఆ మెకానిక్‌ని అందరూ చెవులాయన అనేవారు. బానెట్ ఎత్తకముందే, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లుగా అదే రేకుల షెడ్డు. ఎవరైనా దయ్యాల ఊసెత్తితే, "దయ్యం లేదు, గియ్యం లేదు. ఎక్కడో లూజు కనెక్షను" అని కొట్టిపారేసేవాడు. షెడ్డులో అతనికి తోడు భార్యే. పానాలు అందించేది, తాళం తిప్పమంటే తిప్పేది, మధ్యమధ్య మొగుణ్ని ఆటపట్టించేది.

ఒక ఉదయం ఓ ముసలి దర్జీ తన పాత కారు తెచ్చాడు. ఒక్కడే నడుపుకుంటూ వచ్చాడు. ఇంజన్ చక్కగా తిరుగుతోంది.

"బానే ఉంది కదా పెద్దాయనా?"

"ఇవాళ బానే ఉంది. కొన్నాళ్లు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. కొన్నాళ్లు ఎంతకీ అవ్వదు. ఒకవేళ అయినా ఒణికి ఒణికి ఆగిపోతుంది. ఈమధ్య అలాంటి రోజులే ఎక్కువ."

బండి వదిలి దర్జీ వెళ్లిపోయాడు. పది నిమిషాలకు చెవులాయన తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గులు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. గొట్టాలన్నీ తడిమి చూశాడు, ఎక్కడా పగులు లేదు. మధ్యాహ్నమైనా బండి మొండికేసే ఉంది.

చివరికి ఫ్యూజులు చూద్దామని పక్క సీటు మీద మోకాలు మోపి లోపలికి వంగాడు. భార్య తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. అతను దిగగానే గడగడ ఒణికి ఆగిపోయింది. మళ్లీ ఎక్కితే మళ్లీ అందుకుంది.

"మీ బరువుకి జడిసింది పాపం" అని నవ్విందామె.

సీటు ఊడదీసి చూస్తే, పెట్రోలు పంపుకి వెళ్లే తీగ ఒరుసుకుని లోపల తెగి ఉంది. పైన ఎవరైనా కూర్చుంటే రెండు కొసలూ తాకుతున్నాయి. లేస్తే విడిపోతున్నాయి. అతికి, టేపు చుట్టి, బిగించాడు.

సాయంత్రం దర్జీ వచ్చాడు.

"పక్క సీట్లో ఏం బరువు పెట్టుకుని వచ్చారు పొద్దున?"

"ఏమీ పెట్టను. అది మా ఆవిడ చోటు. పోయి ఏడాదైంది."

చెవులాయన భార్య చేతిలో పానా కింద పెట్టింది.

"రోజూ ఆ తలుపు తీస్తాను. కాసేపు ఆగి వేస్తాను. వచ్చి తాళం తిప్పుతాను" అన్నాడు దర్జీ, వాతావరణం సంగతి చెబుతున్నంత మామూలుగా. "స్టార్టయిందంటే ఎక్కిందని. లేదంటే ఇవాళ రానట్టు."

చెవులాయనకు పొద్దున్న తను విన్న చప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడా తొణకని చప్పుడు.

"ఇక రోజూ స్టార్టవుతుందా మేస్త్రీ?"

"రోజూ అవుతుంది. సీటు కింద తెగిన తీగ అతికేశాను."

"ఆవిడ రాకపోయినా?"

తీగ మళ్లీ తెంపమంటారేమోనని చెవులాయన భయపడ్డాడు. నడిరోడ్డున బండి ఆగితే ప్రాణం పోతుంది, తెంపనని చెప్పాలి. కానీ దర్జీ అడగలేదు. పక్క తలుపు తీసి, రోజూ కంటే ఎక్కువసేపే కాబోలు నిలబడి, వేశాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయన పక్క సీటు వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చెవులాయన చాలా ఏళ్లు పని చేశాడు. ఏ బండి వచ్చినా పక్క సీటు మీద పనిముట్లు మాత్రం పెట్టేవాడు కాదు. ఎందుకని భార్య ఎప్పుడూ అడగలేదు.