ముత్యాలకు మెడే మందు

మా అత్త చింతపండు గిన్నెలో ముత్యాల హారాన్ని ముంచబోతున్న ఆ మధ్యాహ్నం, హాల్లోంచి వంటింటికి నేను ఎగిరిన ఎగురుడు చూసి ఉంటే ఒలింపిక్స్ వాళ్ళు పతకం పట్టుకుని మా కోడంబాక్కం ఫ్లాటు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నాకు యాభై దాటాయి, నా మోకాళ్ళకు నూరు. అయినా ఎగిరాను.

"అత్తా, ఆగు! పాడైపోతుంది!"

"ఏందే ఆ అరుపు? కుందులు తోమితే తళతళమనలా? ఇదీ అంతే."

తప్పు ఆమెది కాదు. మా ఇంట్లో ఇత్తడికి చింతపండు, బంగారానికి కుంకుడుకాయ నురుగు, అంతే. మూడో దారి లేదు. పులుపు ముత్యం పైపొరను తినేస్తుందన్న మాట ఇక్కడ ఎవరికీ అవసరం పడలేదు. ఈ హారాన్ని ఎన్నడూ ఎవరూ తోమలేదు మరి. అది అత్త మెడలోనే ఉండేది.

మామయ్య సినిమా స్టూడియోలో దుస్తుల విభాగంలో పనిచేసేవారు. ఆయన చేతుల మీదుగా మహారాణుల మెడల్లోకి వెళ్ళిన గాజు ముత్యాలు కుమ్మరిస్తే కూవం నది పూడిపోతుంది. అసలువి మాత్రం ఒక్క పేటే కొన్నారు, అత్తకు. ఆమె దాన్ని వేసుకునే బస్సెక్కేది, రేషన్ క్యూలో నిలబడేది, దోసెలు పోసేది. ఆయన పోయాక తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కలరా ఉండల పక్కన బీరువాలో పడేసింది. ఎవరైనా అడిగితే, "ఎవరు చూడాలని?" అనేది.

ఆ రోజు ఏదో వెతుకుతుంటే కవరు బయటపడింది. ముత్యాలు రిటైరైన హెడ్మాస్టరు పళ్ళ రంగులోకి తిరిగాయి. చింతపండు అత్త ఆఖరి ప్రయత్నం.

"చచ్చిపొయినాయి లేవే. రేపు టి. నగర్ నగల కొట్లో ఇచ్చేసి వెండి గిన్నె తెచ్చుకుందాం," అంది. గొంతులో గిన్నె మీద ఆశ రవ్వంతైనా లేదు. ఇచ్చేస్తే మళ్ళీ రావని ఇద్దరికీ తెలుసు.

"ఈ పూటకు నాకియ్యి," అన్నాను. అత్త నాకు మా ఆయన తల్లే కాదు, మా నాన్నకు సొంత అక్క కూడా. నాకు ఆ మాత్రం చనువుంది.

కిటికీ పక్కన కూర్చున్నాను. మెత్తటి పాత నూలుగుడ్డను మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండి, ఒక్కో ముత్యాన్నీ చంటిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచాను. కింద లోకల్ రైలు పోయినప్పుడల్లా భవనం సన్నగా వణికేది. ఆ వణుకు దారం వెంట ముత్యం నుంచి ముత్యానికి పాకేది. ఎండ తెర సందులోంచి జారి నా ఒళ్ళో పడుకుంది. నిద్రో మెలకువో తెలియని ఆ వేళ, ఒక్కో ముత్యం ఒక్కో గది అనిపించింది. లోపల ఎవరో దీపం తగ్గించుకుని కూర్చున్నారు. వాళ్ళకు మెలకువ రాకుండా నేను బయటి గోడలు తుడుస్తున్నాను. సముద్రపు హోరు వినబడిందని ప్రమాణం చేసి చెప్పగలను. అత్త మాత్రం అది పక్కింటి మిక్సీ అంది.

తువ్వాలు మీద చదునుగా పరిచి ఆరబెట్టాను. వేలాడదీస్తే తడిసిన దారం సాగుతుంది. మురికి పోయింది. కాంతి మాత్రం సగమే వచ్చింది.

"మిగతా సగం ఒంటి వేడికి రావాలత్తా. ఎవరైనా వేసుకోవాలి."

"నువ్వే ఏసుకో, నాకేంది."

వేసుకున్నాను. కొక్కెం ముందుకు, సగం పేట జాకెట్టు లోపలికి. ఆ అవతారంలోనే పౌడరు డబ్బా తెచ్చాను. అత్త కుర్చీలో అటూ ఇటూ కదిలింది.

"కొక్కెం ఎనక్కి తిప్పుకోవే."

వినబడనట్టు మెడ మీద పౌడరు కురిపించడానికి డబ్బా వంచాను.

"దానిమీద పౌడరేందే! అయ్యన్నీ అయినాక గదా ముత్యాలు ఏసుకునేది!"

"చచ్చిపొయినాయి అన్నావు గదత్తా. ఇంకేం భయం?" అని సెంటు సీసా కూడా ఎత్తాను.

"ఏయ్! తియ్యి! ఈడ తే!"

ఆ గొంతు అంత గట్టిగా విని ఎన్నేళ్ళయిందో. హారం లాక్కుని, గుడ్డతో తుడిచి, "చుమ్మా, ఊరికే చూపిస్తా, చూసి నేర్చుకో," అంటూ తన మెడలో వేసుకుంది. కొక్కెం వేళ్ళకు దానంతటదే దొరికింది. పేట గొంతు కింద ఎముక మీద, తన పాత చోటు చూసుకుని సర్దుకుంది.

చూపించడం అయిపోయింది. తీయలేదు. నేను అడగలేదు.

సాయంత్రం ఎదురింటి మామి కరివేపాకు కోసం వచ్చింది. అత్త గబుక్కున కొంగు కప్పుకుంది. మామి చూపులకు కొంగొక అడ్డా! హారం ఏమిటని అరవంలో అడిగింది. అత్త అరవంలోనే, డాక్టరు గాంభీర్యంతో, దీనికి ఒంట్లో బాగాలేదనీ, వైద్యం చేస్తున్నాననీ చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు వదిలేసింది.

మామి వెళ్ళాక హారం తీసి, చెమట పోయేలా తుడిచి, నూలుగుడ్డలో పడుకోబెట్టింది. మెరుపు పెరిగిందా? సూర్యుడు సిగ్గుపడి అస్తమించాడని నేనంటాను. మీరు అందులో వీసమెత్తు నమ్మండి చాలు.

"అయితే రేపు టి. నగర్ మాట?" మెల్లగా అడిగాను.

"పోవాల్సిందే. దారం పాతబడిపొయింది, తెగితే ఏంగాను? కొత్తది ఎక్కించుకోని వద్దాం."

"సరే. డబ్బాలో పెట్టి నా సంచిలో వేస్తా."

"నీ సంచిలోనా? తాళాలు, దువ్వెన అన్నీ గీరుకుంటాయి. నేను మెళ్ళో ఏసుకోనే వస్తా."