గొంగడి కప్పుకున్న మా సులోచన

నిన్న పొద్దున సులోచన కొడుకు ఫోన్. "ఆంటీ, అమ్మ పోయింది."

చేతిలో చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

నాతో డిగ్రీ చదివిన సులోచన. మొన్ననే కదా జహీరాబాద్ బస్టాండ్‌లో కనిపించి, నా తెల్లజుట్టు చూసి నవ్వింది.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మాట. "రిటైర్డ్ టీచర్ ఇక లేరు." అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

టీచరే, కాదనను. అంతకుముందు ఆమె ఏం చేసిందో మీలో ఒక్కరికైనా తెలుసా?

ఎనభైల మొదట్లో, న్యాల్‌కల్ వైపు చేన్లలో తిరిగే కృష్ణ జింకల మీద రీసెర్చ్ చేయడానికి సిటీ నుంచి ఒక సార్ వచ్చాడు. ఏడాది ఫీల్డ్‌లో జీతం లేకుండా పనిచేస్తే, పై చదువుకు సిఫారసు లెటర్ రాసిస్తానని సులోచనతో అన్నాడు. ఇంటర్న్‌షిప్ అనే మాట కూడా అప్పుడు మాకు తెలియదు. వాళ్ల నాన్నను ఒప్పించడానికి సులోచన రెండు రోజులు అన్నం మానేసింది.

సార్ జీపులో వచ్చేవాడు. ఆ చప్పుడుకే జింకలు మాయం. బైనాక్యులర్స్‌లో ఆయనకు కనిపించింది దుమ్మే.

గొర్ల మందతో పోయే మల్లయ్య తాతను చూస్తే మాత్రం జింకలు తల కూడా ఎత్తవు. అది కనిపెట్టింది సులోచన. తాత దగ్గర పాత గొంగడి అడిగి కప్పుకుని, మంద వెనక నడిచింది.

ఊరంతా నవ్వింది. "పటేల్ బిడ్డ డిగ్రీ సదివి గొర్లు కాస్తున్నది!"

నేనూ తక్కువ తినలేదు. "ఏందే, గొర్ల వాసన కొడుతున్నవ్" అన్నాను.

"జింకలకు గీ వాసనే మంచిగున్నదంట. నీ పౌడర్ వాసనకైతే ఉరుకుతయ్."

ఏ మగజింక ఏ చెలకలో నిలబడుతుంది, తల్లి పిల్లను ఏ గడ్డిలో దాస్తుంది, అన్నీ రాసింది. నాలుగు నోట్‌బుక్కులు.

ఎండాకాలంలో టైఫాయిడ్‌తో దవాఖానలో పడింది. సార్ నా దగ్గరికొచ్చాడు. "నోట్‌బుక్స్ చూసి లెటర్ రాస్తానమ్మా."

ఇచ్చింది నేనే. వాళ్లింటికి పరుగెత్తి, తెచ్చి మరీ ఇచ్చాను.

లెటర్ రాలేదు. నోట్‌బుక్కులూ రాలేదు. ఆయన పుస్తకం మాత్రం వచ్చింది, నిండా ఆమె రాసుకున్నవే. చివరి పేజీలో ఒక్క లైను, "స్థానిక గొర్రెల కాపరులకు కృతజ్ఞతలు" అని. సులోచన పేరు లేదు. మల్లయ్య తాత పేరూ లేదు.

సొమ్మొకడిది, సోకొకడిది. ఆయనకు శాలువాలు, సన్మానాలు. ఈమెకు బీఈడీ, చాక్‌పీసు.

నన్ను తిడుతుందనుకున్నాను. ఆ పేజీ చూసి నవ్వింది. "కాపరినే కదనే. అబద్ధమైతే రాయలే."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మీద ఎంత కోపమో, నా మీద నాకు అంత కోపం.

నిన్న ఆమెకు చివరిసారి కట్టడానికి పట్టుచీర కోసం వాళ్లింట్లో బీరువా తీస్తే, అడుగున ఆ గొంగడి. మడత పెట్టి, కలరా ఉండలు వేసి దాచుకుంది.

"ఇదేంటి ఆంటీ?" అన్నాడు కొడుకు. కన్న కొడుక్కి కూడా చెప్పుకోలేదు.

"మీ అమ్మ మొదటి ఉద్యోగం" అన్నాను. పట్టుచీర మీద అదే కప్పి సాగనంపాం.

ఆ పుస్తకంలో రాయని పేరు నేను రాస్తున్నాను. సులోచన, వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్, జహీరాబాద్.

పోయి రావే. నువ్వు శాంతిగా ఉండు. నేను మాత్రం శాంతిగా ఉండను.