అక్క అతికించిన పేజీలు

అక్క చివరగా చేసిన పని బ్రష్షు కడగడం. ఆఖరి పేజీలు ఊడిపోయిన పిల్లల కథల పుస్తకానికి తను చేత్తో రాసిన కాగితాలు అతికించి, బరువుకి రెండు నిఘంటువులు పైన పెట్టి, జిగురు ఎండకముందే బ్రష్షు కడిగి కిటికీలో ఆరబెట్టింది. ఆ రాత్రి నిద్రలోనే పోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రరీలో పిల్లల గది చూసుకుంది. నలగని పుస్తకం కనిపిస్తే ఆమెకి దిగులు. "పాపం, దీన్నెవరూ ముట్టుకోలేదురా" అనేది.

ఈ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది: పేజీలు లేని పుస్తకాలన్నీ నెలాఖరుకల్లా తీసెయ్యాలి. అలాంటివి పదకొండు. అన్నీ పిల్లలు ఎగబడి తీసుకెళ్లేవే, ఇప్పుడు కొందామన్నా దొరకనివే. అక్క వేరే లైబ్రరీల నుంచి మంచి ప్రతులు వారం గడువుకి తెప్పించి, పోయిన పేజీలు రాయడం మొదలుపెట్టింది.

"ఓ నాలుగు పుస్తకాలు నువ్వు రాసిపెట్టరా. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

"పొద్దస్తమానం ప్రెస్సులో ప్రూఫులు దిద్ది వస్తున్నానక్కా. ఇంటికొచ్చీ అదే పనా?"

"సరేలే మహానుభావా, పడుకో."

తను రాసినవి ఒకరోజు చూపించింది. లావుపాటి అక్షరాలు, వంకర వరుసలు, మధ్యమధ్య వాక్యాలే ఎగిరిపోయాయి. చెయ్యి ఊరుకోలేదు, ఎర్ర పెన్సిల్ తీశాను.

"కళ్లెక్కడ పెట్టుకున్నావక్కా? పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఇన్ని తప్పులా?"

అక్క నవ్వేసింది. "నీతో తిట్లు తినకపోతే నాకు అన్నం సయించదు కదరా!" అని కాగితాలు వెనక్కి తీసుకుని మొత్తం మళ్లీ రాసింది.

ఏడు పూర్తిచేసింది. నన్ను రాయమన్న నాలుగూ నెలాఖరున చిత్తుకాగితాల బండి ఎక్కాయి.

ఆమె కళ్లజోడు, గొడుగు తెచ్చుకుందామని లైబ్రరీకి వెళ్లాను. పదేళ్ల పిల్ల ఒకతె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు ఆంటీ వాళ్ల తమ్ముడా? ఇంక నేను ఎవరికి చదవాలి?"

"ఏం చదివేదానివమ్మా?"

"ఆ పేజీలు. నేను చదువుతుంటే ఆంటీ రాసేది. మీకు చెప్పొద్దంది, మీరు బెంగపెట్టుకుంటారంట."

పుస్తకంలోని సన్న అక్షరాలు అక్కకి కనిపించడం మానేసి అప్పటికే ఎనిమిది నెలలట.