చిన్నబోయిన టిక్కులు

ముప్పై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న లెక్కల సారును నేను. అలాంటివాణ్ణి నా పరీక్షకు నేనే మార్కులు వేసుకుని, అందులోనూ దొరికిపోయాను. ఈ తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. దాని ఫలితం మాత్రం నా భార్య సుగుణ చేతి మీద ఇప్పటికీ ఉంది.

మొదట తేడా కనిపించింది బోర్డు మీద. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా హైస్కూల్లో ఒకరోజు తొమ్మిదో తరగతికి లెక్క చేసి చూపిస్తుంటే వెనక బెంచీ పిల్ల లేచి, "సార్, ఆఖరి లైను చీమల బారు లెక్క ఉంది, కనవడ్తలేదు" అంది. వెనక్కి జరిగి చూశాను. మొదటి అంకె గుమ్మడికాయంత, చివరిది ఆవగింజంత. కళ్లు పరీక్ష చేయించుకొమ్మని ఆ పిల్లకే చెప్పాను. తర్వాత నడుస్తుంటే నా కుడిచెయ్యి ఊగడం మానేసింది. "ఏంది, చంకల దొంగసొత్తు పెట్టుకున్నట్టు నడుస్తున్నవ్?" అంది సుగుణ. పట్టుబట్టి వరంగల్ తీసుకెళ్లింది కూడా ఆమే.

న్యూరాలజిస్టు వేళ్లు ఆడించమన్నాడు, నడవమన్నాడు, మోచెయ్యి వంచి చూశాడు. స్కాన్ తీయించాడు. "స్కాన్ నార్మలే సార్. కానీ చెయ్యి బిగుసుకపోయింది, రిజిడిటీ అంటరు. కొద్దిగ ట్రెమర్, వణుకు ఉంది. ఇది పార్కిన్సన్స్. టాబ్లెట్ సగం పనే చేస్తది. మిగతా సగం ఎక్సర్‌సైజు. అది మీ తరఫున ఎవ్వరు చెయ్యలేరు."

జనగామలో ఫిజియోథెరపీ చేసే కుర్ర డాక్టరు గళ్లు గీసిన చార్టు ఇచ్చాడు. పెద్ద అడుగులు వెయ్యాలి, మడమ ముందు ఆనాలి, చేతులు బాగా ఊపాలి, కుర్చీలోంచి పదిసార్లు లేవాలి, గట్టిగా లెక్కపెట్టాలి. "గడప కాడ కాళ్లు అతుక్కపోతే ఫ్రీజింగ్ అంటరు సార్. నేల మీద అడ్డగీతలు గీసుకొని దాటుండ్రి. చేసిన రోజు గడిల టిక్కు పెట్టుండ్రి" అన్నాడు. సరే అన్నాను. లెక్కపెట్టడం నాకు కొత్తా?

అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. బస్టాండు దగ్గర రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. రోజుకొక జట్టు పొద్దున దండలేసుకుని కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. రానివాళ్ల బదులు రోజూ నేనే కూర్చునేవాణ్ణి. అందరూ నా పట్టుదలను మెచ్చుకున్నారు. నిజం నాకు తెలుసు. నా జబ్బు ఇంకా ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. టెంటులో అందరూ కదలకుండా కూర్చునేవాళ్లే కాబట్టి అక్కడ నేను మామూలు మనిషిని. దండ వేసుకున్నవాడు లేచి చేతులూపుతూ అడుగులేస్తే దీక్షను వెక్కిరించినట్టుంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తెలంగాణ అంతా కదులుతుంటే నా వంతు కూర్చోవడంగా పెట్టుకున్నాను.

"చేస్తున్నవా?" అని సుగుణ అడిగేది.

"చార్టు చూడు" అనేవాణ్ణి. ప్రతి ఆదివారం పొద్దున ఒక్క ఊపులో ఏడు టిక్కులు.

రైలు రోకో నాడు సుగుణ కూడా వాడకట్టు ఆడవాళ్లతో వచ్చింది. పట్టాల మీద కూర్చున్నాం, పాటలు పాడాం. మధ్యాహ్నం ఇక చాలన్నారు, అందరూ లేచి దిగిపోయారు. నేనూ లేచాను, కానీ కాళ్లు రాలేదు. పట్టాల కింద వరసగా స్లీపర్ దిమ్మెలు, అంటే కావలసినన్ని అడ్డగీతలు. కాళ్లకు ఒక్కనాడూ నేర్పకపోతే అవేం చదువుతాయి? రైలును ఆపుదామని పోయి నేనే ఆగిపోయాను. దూరంగా గూడ్సు కూత వేసింది.

"నడువు" అని అరుస్తూ సుగుణ వెనక్కి ఉరికొచ్చింది. నన్ను పట్టుకుని గుంజింది. ఇద్దరం కంకర మీద పడ్డాం. నేను ఆమె మీద, ఆమె తన కుడిచేతి మీద. ఆ గూడ్సు సిగ్నల్ దగ్గరే నిలబడి ఉంది. కూత వేసిందే గాని కదల్లేదు, అచ్చం నాలాగే.

మణికట్టు ఫ్రాక్చర్. ఆరు వారాల కట్టు. కట్టు విప్పేదాకా వేళ్లు ఎలా ఆడించాలో తెలుసుకుందామని జనగామ వెళ్లాం. కుర్ర డాక్టరు ముందు నా చార్టు అడిగాడు. కాసేపు చూసి నవ్వాడు.

"సార్, ఈ వరసల మొదటి టిక్కు పెద్దగుంది. ఏడోది చుక్క లెక్క అయింది. కింది వరసల మళ్ల పెద్దగ మొదలైంది. మీ జబ్బుల రాత రాసినకొద్ది చిన్నగైతది. ఏడు రోజులవి ఒక్కసారే పెట్టిండ్రు కదా?"

నా టిక్కులతో పాటు నేనూ చిన్నబోయాను.

సుగుణ తిడుతుందని ఎదురుచూశాను. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని బస్సెక్కింది. ఎక్కాక, "పిల్లలు కాపీ కొడ్తే చెవులు పిండెటోనివి" అంది. అంతే. తిడితే బాగుండేది.

మర్నాడు పొద్దున లేచేసరికి పడకగది నుంచి వాకిలిదాకా ముగ్గుపిండి గీతలు. కుడిచేతికి కట్టు ఉంది కనుక ఎడమచేత్తో వేసింది. వంకర్లు పోయాయి. ముగ్గు తొక్కొద్దని చిన్నప్పుడు అవ్వ చేత తిట్లు తిన్న కాళ్లు నావి. గడప దగ్గర ఆగాయి, గీతను చూశాయి, దాటాయి. "ఒకటి" అన్నాను. "వినవడ్తలేదు" అంది వంటింట్లోంచి.

అలా మొదలైంది. మూడు నెలలకు చెయ్యి కాస్త ఊగింది. మరుసటి చలికాలంలో మళ్లీ బిగుసుకుపోయాను. స్నానాలగది దగ్గర ఒకసారి పడ్డాను. టాబ్లెట్ టైమింగ్ మార్చారు. గీతలు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. తప్పింది సుగుణ మణికట్టుకు చెప్పిన ఎక్సర్‌సైజు. నా అడుగులు లెక్కపెట్టే పనిలో తనది వదిలేసింది. నేను అడగనూ లేదు. ఇప్పటికీ ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. బట్టలు పిండలేదు, రొట్టె చెయ్యలేదు. రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటూ నిలబడింది. నేను మాత్రం రెండు చేతులూ ఊపుతూ నడిచాను.

రిటైరయ్యాను. రోజూ నడుస్తాను, బట్టలు నేనే పిండుతాను. నాలాంటి వాళ్లకు చెప్పగలిగేది ఒక్కటే. ఎక్సర్‌సైజు పేషెంటు చెయ్యాలి, టిక్కు ఇంకొకరు పెట్టాలి, అదీ కళ్లారా చూశాక. పెన్ను పేషెంటుకు ఇవ్వొద్దు. అడిగినా ఇవ్వొద్దు.

ఈ మధ్య సుగుణ చేతికి మళ్లీ ఫిజియోథెరపీ మొదలుపెట్టించాను. ఆమెకూ ఒక చార్టు ఇచ్చారు. వారం తిరిగాక చూస్తే ఏడు గళ్లు నిండి ఉన్నాయి, ఏడూ ఒకే వాలులో, ఒక్కసారే పెట్టినట్టు. నా అనుభవం ఎక్కడికి పోతుంది?

పెన్ను లాక్కున్నాను. పిండమని తడి తువ్వాలు చేతికిచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీధికి వినపడేలా లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆగింది.

"పగ తీర్చుకుంటున్నవా సారూ?"

"ఔ. తొమ్మిది."

పది అయ్యాక టిక్కు పెట్టాను. పెద్దగా రాయడం నా ఎక్సర్‌సైజుల్లో ఒకటి కదా, అది మూడు గళ్లు ఆక్రమించింది.

"మూడు గళ్లు నిండినయ్, ఇగ మూడు రోజులు సెలవు" అంది.

ఇవ్వలేదు.