తీసిన చెయ్యి

నసీమక్క దుకాణానికి బోర్డు లేదు. మార్కాపురంలో పూసలు తెగిన ఆడవాళ్లందరికీ ఆ మెట్లు తెలుసు కాబట్టి ఆమె పెట్టించలేదు. నల్లపూసలు, ముత్యాల దండలు, ముస్లింల ఇళ్లలో పెళ్లినాడు మెడలో వేసే నల్లపూసల లచ్చాలు, తెగినవన్నీ అక్కడికే వస్తాయి. ఆమె కింద చాప మీద కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించి, ఆ చివర నుంచి ఒక్కొక్క పూసా ఎక్కిస్తూ వస్తుంది. ఎక్కిస్తున్నంతసేపూ నోరు ఊరుకోదు. "మెడ ఉండేది దండకు గానీ, మొగుడు పట్టి గుంజేదానికా?" అని ముఖం మీదే అడుగుతుంది. తిట్లు తిన్నవాళ్లే మళ్లీ వస్తారు, ఎందుకంటే ఆమె వేసిన ముడి ఊడదు.

ఈ పని ఆమెకు వాళ్ల నాయన ఖాదర్ వలి నేర్పాడు. పనితోపాటు ఒక కట్టుబాటు కూడా నేర్పాడు. భర్త పోయినామె మెడలోది తీసేశాక, బంగారు గుండ్లు కూతురికో కోడలికో గుచ్చించడానికి తెస్తారు. నల్లపూసలు ఎవరికీ వద్దు, అక్కడే వదిలేసి పోతారు. నసీమక్క వాటిని ఇంకో దండలో కలపదు. పారెయ్యదు కూడా. ఒక బిస్కెట్ల డబ్బాలో పోసి మూత పెడుతుంది. ఆ డబ్బా సగానికి పైగా నిండింది. "ఎందుకక్కా ఈ చెత్తంతా?" అని ఒకసారి అన్నాను.

"చెత్త గాదు. వాటికి మనుషులు ఉండారు," అంది.

అప్పటినుంచి నేను ఆ డబ్బా పక్కన కూర్చోవడం మానేశాను. నాకు భయమని కాదు. సరే, భయమే.

నా పేరు షారోన్. మాది తర్లుపాడు దగ్గర పల్లె, ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. హైదరాబాదు హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఆట పట్టుకుంది నాకు, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాను. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో వీరులు, దొంగలు, మంత్రగాళ్లు. గుహల్లో దూరాలి, భూతాలతో పోరాడాలి, నిధులు తేవాలి. ఎక్కడ సందేహం వస్తే అక్కడ పాచిక వేయాలి. దానికి ఇరవై ముఖాలు. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే గోవిందా. మా అమ్మ సుశీలమ్మకు ఇదంటే అసహ్యం. "యేసయ్య సిలువ మీద ఉంటే కింద కూచోని ఆయన బట్టలకు చీట్లేసుకున్నోళ్ల ఆట," అంటుంది. నేను మాత్రం ఆదివారం గుడి కాగానే బైబిలు సంచీలోనే పాచికలు వేసుకుని మార్కాపురం ఆటో ఎక్కేదాన్ని.

ఆట నసీమక్క దుకాణం మీది గదిలో, కథ చెప్పేది నేను, ఆడేది ఇద్దరు. అది మాతో ఆడే ఆమె తమ్ముడు అబ్రార్ అమ్మే సెల్ ఫోన్ కవర్లు దాచుకునే గది. మూడోవాడు పవన్ కుమార్, పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. చెక్కులూడిన పెద్ద పలకలు తెచ్చేవాడు. గుహలూ కోటలూ బలపంతో వాటి మీద గీసుకుని, ఆట కాగానే తడిగుడ్డతో తుడిచేసేవాళ్లం.

తగువంతా నిధుల దగ్గర వచ్చేది. ఆట పుస్తకంలో కెంపుకింత, నీలానికింత అని పట్టిక ఉంది. అబ్రార్ వ్యాపారి, వాడికి పట్టికలు ఆనవు. ఒక ఆదివారం రాణి సమాధిలో దొరికిన పచ్చల హారానికి వాడు అడిగిన ధరా నేను చెప్పిన ధరా కుదరక, ఇల్లు ఎగిరిపోయేట్టు అరుచుకున్నాం. నసీమక్క కింద నుంచి దారం చేత్తో పట్టుకునే పైకొచ్చింది.

"ఏంది మీ గోల? ఏం దొరికింది?"

చెప్పాం. లేని హారానికి ఇంత రభసా అని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గడప మీద కూర్చుంది.

"ఎవరు ఏసుకున్నారు దాన్ని?"

"రాణి," అన్నాను.

"ఎవరు తీసినారు?"

"నేనే తీసినా ఆపా," అన్నాడు అబ్రార్ గర్వంగా. "చచ్చిపోయి పడుంది."

"ఎందుకు తీసినావు?"

"అమ్ముకునేదానికి."

"అయితే దాన్ని ఎవరూ కొనరు. తన చేత్తో తాను తీసిచ్చిన సొమ్ము పలుకుతాది. వేరేవోళ్ల చెయ్యి పడి వచ్చింది పలకదు. దాని మనిషి ఎనకాలే వస్తాది."

పవన్ కుమార్ పుస్తకం తిరగేసి, ఇట్లాంటి నియమం ఇందులో లేదన్నాడు. పుస్తకం పక్కన పెట్టమన్నాను. నాకది తెగ నచ్చింది. ఆ రోజు నుంచి రాణి మా వీరుల వెనకే నడిచింది. ఏమీ చేయదు, మాట్లాడదు. సత్రంలో పడుకుంటే బోసి మెడతో తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. తీసిన నగకు ఒకరు చొప్పున కొత్తవాళ్లు చేరారు. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కింద, ముగ్గురం పెద్దవాళ్లమై ఉండి, మాటిమాటికీ గుమ్మం వైపు చూసేవాళ్లం. ఎగతాళిగా మొదలైందే గానీ, తర్వాత ఎవరం ఎగతాళి చేయలేదు. ఎందుకంటే నసీమక్క టీ గ్లాసులు తెచ్చినప్పుడల్లా ఒక గ్లాసు ఎక్కువ తెచ్చేది. పెట్టాక గుర్తొచ్చి, మళ్లీ కిందికి తీసుకుపోయేది.

ఆ గ్లాసు షబ్బీర్‌ది. షబ్బీర్ ఆమె భర్త. పలకల లోడు లారీ తోలేవాడు. ఐదేళ్ల కిందట నంద్యాల వైపు లోడుతో పోయాడు. గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో ఒక మలుపు దగ్గర లారీ పక్కకు తీసి ఆపి ఉంది. తాళంచెవి బండిలోనే ఉంది. చెప్పులు పెడల్స్ దగ్గర జతగా ఉన్నాయి. మనిషి లేడు. పోలీసులు వెతికారు, అడవి తెలిసినవాళ్లు వెతికారు. గుడ్డపీలిక కూడా దొరకలేదు.

నాలుగేళ్లు దాటాక మసీదు పెద్దలు ఇంటికొచ్చి, ఇక ఆయన లేడనే అనుకోవచ్చమ్మా, భర్త పోయినామె పాటించే ఇద్దత్ గడువు కూర్చో, తర్వాత నీ బతుకు నీది అని చెప్పారు. ఒప్పుకోనిది దుకాణం వెనక ఇంట్లోనే ఉండే అత్త, అజీజున్నీసా. షబ్బీర్ ఆమెకు ఒక్కడే కొడుకు. కళ్లకు పొర కమ్మి ఆమెకు సరిగా కనిపించదు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే కోడలి మెడ మీదికి చెయ్యి జాపి, లచ్చా పూసలు వేళ్లతో తడుముకుంటుంది. "ఇది ఉండాది కాబట్టి వాడు ఉండాడు," అంటుంది. అందుకని నసీమక్క లచ్చా తీయలేదు.

"ఘాట్ దిక్కు పోయే బండి హారన్ అట్ల వినపడితే చాలు," అని నాతో ఒకసారి చెప్పింది, "ఎనక నుంచి ఎవరో ఈ దారం పట్టుకున్నట్లు ఉంటాది షారోనూ. గుంజరు. ఊరికే పట్టుకోనుంటారు. నాకు ఏడ్చేదానికి గూడ లేదు. నేను ఏడిస్తే ఆమెకు కొడుకు చచ్చినట్లే గదా."

లోకం మీద నాకు చాలా విషయాల్లో కోపం వస్తుంది గానీ, ఆ రోజు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

ఒక ఆదివారం అజీజున్నీసా గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చింది. పలక మీద నేను కొండదారి గీసి ఉన్నాను. పాచికలు దాని మీద పడి ఉన్నాయి. ఆమె వంగి, ముక్కు పలకకు తగిలేంత దగ్గరగా చూసింది. కొడుకు కోసం ఆమె తిరగని దర్గా లేదు. పొదిలిలో ఒకాయన పలక మీద గళ్లు గీసి, అంకెలు వేసి, ఫాల్ తీసి, తప్పిపోయినవాళ్ల జాడ చెబుతాడని అక్కడికీ పోయింది. ఇప్పుడు మా పలకా, మా అంకెల పాచికా చూసి, ఆమె అనుకోవలసింది అనుకుంది.

"ఇన్నాళ్లూ నా నెత్తి మీదనే ఫాల్ తీస్తా, నాకు ఒక మాట చెప్పలేదేంది బిడ్డా?" అంది నాతో. "నా షబ్బీర్‌కు ఏసి చూడు."

"అవ్వా, ఇది ఫాల్ కాదు. ఉత్త ఆట," అన్నాను.

"అందరూ ముందు అట్లే అంటారు." పాచిక వెతికి అరచేతిలోకి తీసుకుంది. పెదాలు కదిలాయి. "ఉండాడా?" అని వేసింది.

అది దొర్లి, పలక అంచుకు తగిలి, ఆగింది. ఇరవై.

"ఇరవై!" అని ఎగిరి గంతేశాడు అబ్రార్. ఏడాదిగా ఇరవై పడితే ఎగరడం అలవాటైన ఒళ్లు వాడిది, మెదడు కంటే ముందు అదే ఎగిరింది. నోరు మూసుకునేసరికి ఆలస్యమైపోయింది. ముసలామె ఆ అరుపు వింది. ముఖం ఎంత వెలిగిందంటే, నాకు చూడబుద్ధి కాలేదు. కిందికి దిగి వీధంతా చక్కెర పంచింది. నసీమక్క బొటనవేలికి దారం తగిలించుకుని అట్లాగే కూర్చుని ఉంది. చేతిలో పూస లేదు.

"ఇద్దత్ కూర్చుంటానని ఈ పొద్దే ఆమెకు చెప్దామనుకున్నా," అంది నాతో.

తర్వాతి ఆదివారం అజీజున్నీసా మాకంటే ముందే పైన కూర్చుని ఉంది. "చెప్పు బిడ్డా. ఎంతదాకా వచ్చినాడు?"

ఈసారి నిజం గట్టిగా చెప్పేద్దామని నోరు తెరిచాను. నసీమక్క నా మోచెయ్యి పట్టుకుంది. "పలక మీద దారి గీయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఘాట్," అంది. గీశాను. లారీ దొరికిన మలుపు దాకా గీసి ఆపాను. ఆమె మెడ వెనక లచ్చా ముడి సడలించి, చివరి నుంచి ఒక నల్లపూస తీసి, మార్కాపురం దగ్గర తమ ఇల్లుండే చోట పెట్టింది. కదలకుండా బంక అద్దింది.

"అక్కా, అటు నుంచి గదా రావాల్సింది?" అన్నాను మెల్లగా.

ఆమె నా వైపు ఒక చూపు చూసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒక పూస, అప్పుడప్పుడు రెండు మూడు. పవన్ కుమార్ ఆ పలకకు చెక్కతో చట్రం కొట్టించి, ఎవరూ తుడవకుండా పైన పెట్టాడు. మేము మా ఆట వేరే పలక మీద ఆడుకున్నాం, కానీ మనసు పెట్టి ఎవరూ ఆడలేదు. నగలు దొరికినా అబ్రార్ ముట్టుకోలేదు. "ఉండనీలే," అనేవాడు. నోట్లో నువ్వు గింజ నానని మనిషి, అత్తాకోడళ్లు పలక ముందు కూర్చుంటే గోడకు ఆనుకుని మాట్లాడకుండా ఉండేవాడు. ముసలామె ఏ పూసా వదలకుండా వేలితో తడిమేది. నల్లమల వైపు పోయే ఆ నల్లటి బారును చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది. దాని మీద ఎవరో నిజంగానే నడుస్తున్నారు. వస్తున్నారో పోతున్నారో తెలిసింది నసీమక్కకు ఒక్కదానికే అనుకున్నాను.

శుక్రవారం శుక్రవారం లచ్చా పలచబడుతోంది. అజీజున్నీసా తడుముతూనే ఉంది. ఒక్క మాట అనలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, నసీమక్క మెడలో దారమూ బంగారు గుండ్లూ, ఒకే ఒక్క నల్లపూసా మిగిలాయి. ఆ పూస తీసి లారీ దొరికిన మలుపు దగ్గర అతికించింది. అజీజున్నీసా వేలు మార్కాపురం దగ్గర మొదలుపెట్టి, కంభం దాటి, గిద్దలూరు దాటి, ఘాట్ ఎక్కి, ఆ పూస దగ్గర ఆగింది. దాని అవతల పలక నున్నగా ఉంది. అక్కడ వేలితో చాలాసేపు వెతికింది.

"దీని తర్వాత లేవా?"

"లేవు అమ్మీ."

"మొదటిది మనింటి కాడ పెట్టినావు."

"అవును."

"వాడు రాలా. మనమే పోయినాం," అంది అజీజున్నీసా. "నాకు మొదటి దినమే తెలుసులే. కళ్లు లేకపోతే ఏలు గూడ లేదా నాకు? దావ అయిపోయేదాకా చూద్దామని ఊరుకున్నా."

ఆమె కోడలి మెడ వెనక్కి చేతులు పోనిచ్చి ముడి పట్టుకుంది. మా పల్లెలో భర్త పోయినామె మెడలోది తీసేది ఇంకో విధవరాలే, అది సొంత అత్తైనా కావచ్చు. అట్లాంటిది, అజీజున్నీసా ముడి వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేను తీయగూడదు. వేరే చెయ్యి పడితే దాని మనిషి ఎనకాలే వస్తాదని నువ్వే అంటివంట గదా, అబ్రార్ చెప్పినాడు. నువ్వే తీయి బిడ్డా."

నసీమక్క తీసింది. ఊరందరికీ ఊడని ముడులు వేసే మనిషికి తన ముడి ఊడదీసుకోవడం ఎంతకీ చేతకాలేదు. తీసి అత్త అరచేతిలో పెట్టింది. ముసలామె ఆ బంగారు గుండ్లను వేళ్లతో దొర్లించింది.

"ఎవరు ఏసుకున్నారు దీన్ని?" అని అడిగింది.

"నేనే అమ్మీ."

"ఎవరు తీసినారు?"

"నేనే."

"ఎందుకు తీసినావు?"

నసీమక్క అత్త వేళ్లను ఆ గుండ్ల మీద మూసింది.

"ఆయన చచ్చిపోయినాడు అమ్మీ."

ఐదేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. అని, ఆమె ఏడ్చింది. అజీజున్నీసా ఆమె తలను ఒళ్లోకి తీసుకుని తానూ ఏడ్చింది. కింద రోడ్డు మీద ఏదో లోడు లారీ గట్టిగా హారన్ కొడుతూ పోయింది. వాళ్లిద్దరూ తల ఎత్తలేదు.